చివరి కాగితాలు

కోటేశ్వర్లు శెట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఒక్క నవలైనా చదివిన పాపాన పోలేదు. పేపరు మాత్రం తిప్పుతాడు, అదీ మిరప ధర కోసం. అలాంటి మనిషికి కంభం శాఖా గ్రంథాలయం వాళ్ళు ఉత్తమ పాఠకుడని శాలువా కప్పుతామని ఇంటికొచ్చి మరీ చెప్పిపోయారు.

వచ్చింది కొత్త లైబ్రేరియన్ నాగజ్యోతి. ఒంగోలు వైపు పిల్ల, ఈ ఊరొచ్చి ఏడాది కూడా కాలేదు. మిట్టమధ్యాహ్నం రామతులసమ్మ వసారాలో చేట ముందేసుకుని కందిపప్పులో రాళ్ళు ఏరుతుంటే, గులాబీరంగు కరపత్రాల కట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"శెట్టిగారున్నారా అమ్మా?"

"దుకాణంలో ఉండారు. అన్నానికి వచ్చే వేళయింది. లోపలికి రా తల్లీ, కూచో."

నాగజ్యోతి కూర్చుని మంచినీళ్ళు తాగి ఒక కరపత్రం చేతికిచ్చింది. నవంబరు పద్నాలుగు నుంచి గ్రంథాలయ వారోత్సవాలు. పిల్లలకు బొమ్మల పోటీ, ఆడవాళ్ళకు ముగ్గులు, ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ళకు క్విజ్, ముసలివాళ్ళకు పాత జ్ఞాపకాలు చెప్పుకునే సభ. ఈసారి అన్ని వయసులవాళ్ళకూ ఏదో ఒకటి ఉండాలని తనే పట్టుబట్టి పెట్టించానని చెప్పింది. చెప్తుంటే ఆ పిల్ల కళ్ళు మెరుస్తున్నాయి.

"ఆఖరి రోజు ఉత్తమ పాఠకుడికి సన్మానం అమ్మా. పాత కార్డులన్నీ తిరగేశాను. మీ ఇంటాయన తీసుకెళ్ళినన్ని పుస్తకాలు ఈ ఊళ్ళో ఇంకెవరూ తీసుకెళ్ళలేదు. వారం తప్పలేదండీ! దుకాణం చూసుకుంటూ అన్ని నవలలు ఎప్పుడు చదివారాయన?"

రామతులసమ్మ వేళ్ళ మధ్యనున్న రాయి మళ్ళీ పప్పులోనే పడింది. చదివింది నేను కదమ్మా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. బయటి మనిషి ముందు మొగుణ్ణి తక్కువ చేసినట్టవుతుందేమోనని అక్కడే ఆగింది. ఆయన వస్తాడుగా, ఆయనే చెప్తాడులే అనుకుంది.

ఆయన రానే వచ్చాడు. చెప్పులు విడిచి, భుజం మీది తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నాగజ్యోతి చెప్పిందంతా విన్నాడు. ఉత్తమ పాఠకుడు అన్న మాట దగ్గర తువ్వాలు ఆగింది. రామతులసమ్మ చేట వదిలి ఆయన మొహంలోకే చూసింది.

"ఏదోలేమ్మా," అన్నాడు కోటేశ్వర్లు, గొంతు సవరించుకుని. "మొదటి నుంచి అలవాటు."

"మీకు బాగా నచ్చిన పుస్తకం గురించి స్టేజీ మీద నాలుగు మాటలు చెప్పాలి పెదనాన్నగారూ."

"దాందేముంది, చెప్తాం."

ఆ పిల్ల సంబరపడుతూ వెళ్ళిపోయింది. గేటు పడిన చప్పుడు వినబడేదాకా రామతులసమ్మ ఓపిక పట్టింది.

"అలవాటంట! ఏంది మీకలవాటు?"

"పుస్తకాలు తెచ్చే అలవాటు. అబద్ధం చెప్పినానా?"

"చదివినారా అని గదా ఆ పిల్ల అడిగింది?"

"ఎవురు చదివితే ఏంది తులసీ? ఇల్లొకటే గదా. కార్డు నా పేరు మీద ఉండె, నన్ను పిలిచినారు. ఇప్పుడు పోయి కాదూ కూడదంటే ఆ పిల్ల చిన్నబుచ్చుకోదూ?" అని కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు.

ఆ పూట వంటింట్లోంచి నెయ్యి గిన్నె రాలేదు. ఎందుకు రాలేదో కోటేశ్వర్లుకు తెలుసు. పప్పన్నం ఊరికే కలుపుకుని కిక్కురుమనకుండా తిని లేచాడు.

*

సాయంత్రానికల్లా సంగతి బజారంతా పాకింది. కొడుకు అనిల్ కుమార్ తండ్రి ఫొటో, గులాబీరంగు కరపత్రం పక్కపక్కన పెట్టి ఫోనులో స్టేటస్ పెట్టేశాడు. బియ్యం కొట్టాయన, బట్టల దుకాణమాయన వచ్చి చెయ్యి కలిపి పోయారు. శెట్టి ఇంత లోతైన మనిషని మాకు తెలవనే తెలవదే అన్నారు. కోటేశ్వర్లు కాటా పక్కన కూర్చుని అందరికీ టీ తెప్పించాడు.

రామతులసమ్మ ఇంట్లో గూట్లోంచి ఆ వారం పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకుంది, కానీ అట్ట విప్పలేదు. తన మీద తనకే కోపంగా ఉంది. అరవై దాటి, మనవడు పదో తరగతికి వచ్చిన తరువాత ఈ యావ ఏమిటి? శాలువాలు పెట్టెలో మగ్గుతున్నాయి, శాలువా కోసం కాదు. రామతులసమ్మ చదివింది అని ఒక్క మనిషి నోట, నలుగురి ముందు వినాలి. అంతే. ఇన్నేళ్ళు లేని కోరిక ఆ కరపత్రంతో ఇంట్లోకొచ్చి కూర్చుంది, పొమ్మంటే పోవడం లేదు.

తను కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో బజారు వీధి ఆడవాళ్ళు లైబ్రరీకి వెళ్ళడమన్న మాటే లేదు. పొట్లం కట్టొచ్చిన కాగితం ముక్క కూడా వదలకుండా చదువుతోందని అత్తగారు నవ్వితే, కోటేశ్వర్లు వెళ్ళి తన పేరు మీద కార్డు రాయించాడు. అప్పటినుంచి మధ్యాహ్నం అన్నానికి వస్తూ దారిలో పుస్తకం మార్చుకుని రావడం ఆయన పని. మంచి పుస్తకమేదో ఆయనకేం తెలుసు? వ్యాపారస్థుడు కదా, చేతిలో పెట్టి బరువు చూసేవాడు. "ఇది లావుగా ఉండాది, వారం వస్తాది" అని తెచ్చి ఇచ్చేవాడు. మరీ పలచగా ఉంటే ఆ లైబ్రరీ ఆయనతో పేచీ పెట్టి రెండిమ్మనేవాడట.

అట్టలన్నీ ఒకే నల్లరంగు, చాలావాటికి పేర్లు కూడా చెరిగిపోయేవి. దానితో చదివినదే మళ్ళీ మళ్ళీ వచ్చేది. చివరికి రామతులసమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. చదవడం అయిపోగానే పెళ్ళినాటి తారీఖు అంకె పడిన పేజీ మూలన చిటికెన వేలితో పసుపు చుక్క పెట్టేది. ఆయన లైబ్రరీలో ముందు బరువు చూసి, తరువాత ఆ పేజీ తీసి చుక్క చూసి, లేకపోతేనే తెచ్చేవాడు. లైబ్రరీ పుస్తకానికి మచ్చ పెట్టకూడదని ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. ఊళ్ళో ఇంకో ఇల్లాలు అది చూసి కుంకుమ చుక్క మొదలుపెట్టిందని ఒకరోజు ఆయనే నవ్వుతూ వచ్చి చెప్పాడు. ఆమె ఎవరో ఇప్పటికీ తెలియలేదు. ఎక్కడుందో, ఉందో లేదో అని రామతులసమ్మకు అప్పుడప్పుడు బెంగగా ఉంటుంది.

*

బజారుకు సెలవు రోజు మధ్యాహ్నం కోటేశ్వర్లు అన్నం తిని కునుకు తీయకుండా వసారాలో భార్య ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. ఏదో కావలసి వస్తే ఆయన అలాగే వస్తాడు, చిన్నగా దగ్గుతూ.

"ఏం చెప్పాలో నువ్వే రెండు ముక్కలు చెప్పరాదూ."

"మీరు చదివింది మీరే చెప్పండి. నన్నడుగుతారేంది?"

"సరేలే. నాకు తెలిసిందే చెప్తా." కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఆ రైలు గేటు కథ చెప్తా."

రామతులసమ్మ తలెత్తింది. ఆయనకు ఏదీ గుర్తుండదనుకుంది ఇన్నాళ్ళూ. పాత రోజుల్లో దీపాలు పెట్టే వేళకు దుకాణం నుంచి వచ్చి, ఇద్దరూ ఈ వసారాలోనే కూర్చుని పాత పేపర్లు చించి మైదా పిండితో పొట్లాలు అతికేవాళ్ళు. మర్నాటికి చిన్నవి కావాలి, పెద్దవి కావాలి. చేతులు ఆడుతుంటే నోరు ఖాళీయే కాబట్టి ఆమె ఆ వారం చదివిన కథ చెప్పేది. ఆయన ఊ కొట్టేవాడు. పావలా సరుకుకు పనికొచ్చే పొట్లం మీద వేలు నొక్కిపెట్టి, తరవాత? అనేవాడు. ప్లాస్టిక్ కవర్లు వచ్చాక పొట్లాలు పోయాయి, ఆ కూర్చోవడమూ పోయింది. ఆ తరువాత ఆమె చదువుకోవడమే తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడాయన చెప్పడం మొదలుపెట్టాడు. అడవి అంచున ఒక రైలు గేటు. గేటు కాసేవాడు జబ్బుపడి లేవలేకపోతే అతని భార్య ఎవరికీ తెలియకుండా అతని చొక్కా తొడుక్కుని పచ్చజెండా పట్టుకుని నిలబడుతుంది. ఆమె మేక ఒకటి పట్టాల మీదికి పోతుంటుంది. వానలో ఒక రాత్రి పట్టాల కింద మట్టి జారిందని కనిపెట్టి, ఎర్రజెండాతో ఎదురు పరిగెత్తి రైలు ఆపుతుంది. ఆ మేక పేరు కూడా ఆయన చెప్పాడు. రామతులసమ్మే దాన్ని మరిచిపోయింది. తను చెప్పిన కథ మొగుడి నోట వినడం ఆమెకు అదే మొదటిసారి. కోపంగా ఉందామనుకుని కూడా ఉండలేకపోయింది. తెలియకుండానే ఊ కొట్టసాగింది.

"అప్పుడు పెద్దాఫీసరు వచ్చి విచారిస్తాడు. నీ మొగుడి ఉద్యోగం నువ్వెట్ల చేస్తావని గదమాయిస్తాడు. ఆమె భయపడదు. ఇంటి పని మాదిరే ఇది గూడా చేసినా సామీ అంటాది. నెల తిరక్కముందే ఆర్డరొచ్చె. గేటు ఆమె పేరు మీదనే రాసినారు. ఎంత బాగుంటాదో ఆ ముగింపు!"

రామతులసమ్మ ఊ కొట్టడం ఆపేసింది. ఆ ముగింపు పుస్తకంలోది కాదు. ఆ పుస్తకానికి చివరి కాగితాలు లేవు. అప్పట్లో పుస్తకాలన్నీ చేతులు మారి మారి చివర నుంచే ఊడిపోయేవి. ఆఫీసరు జీపు దిగాడు అన్న చోట పుట తెగిపోయింది. ఈయన చేతికి మైదా అంటించుకుని తరవాత? అని కూర్చున్నాడు. తెలియదు, కాగితాల్లేవు అని ఎలా చెప్పడం? ఆమె అప్పటికప్పుడు కల్పించి చెప్పేసింది. అలా ఎన్నింటికో చెప్పింది. ఒక్కసారి కూడా ఆయనకు అనుమానం రాలేదు.

ఇప్పుడు చెప్పేద్దామా అనుకుంది. ఆయన హుషారుగా లేచి ఇస్త్రీ చొక్కా ఎక్కడుందని అడుగుతూ లోపలికి పోయాడు. ఆ చినిగిపోయిన పుస్తకం ఈ ఊళ్ళో ఎవరికి గుర్తుంటుందిలే అని ఊరుకుంది.

*

ముగ్గుల పోటీ నాడు రామతులసమ్మ లైబ్రరీకి వెళ్ళింది. పోటీకి కాదు, చూడటానికి. చలికాలం ఎండ వెచ్చగా కాస్తుంటే లోపలి బల్లలన్నీ ఆవరణలోకి మోసుకొచ్చి వేశారు. ముసలివాళ్ళు వీపులు ఎండకు పెట్టి పేపర్లు చదువుతున్నారు. పిల్లలు క్రేయాన్లు పంచుకుంటూ పోట్లాడుకుంటున్నారు. ఊడ్చే దాసమ్మ ముగ్గుల మీద ఎవరూ నడవకుండా చీపురు అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆమెది అడవి దగ్గరి గూడెం. మొన్నటిదాకా శెట్టి దుకాణానికి తేనె, చీపుర్లు తెచ్చి వేసిన మనిషే.

"పెద్దమ్మా, లోపల గూడా చూసి పో. కొత్తగా సున్నం కొట్టినారు," అంది దాసమ్మ.

ఇన్ని వందల పుస్తకాలు చదివిన మనిషి ఆ గది లోపలికి అడుగుపెట్టడం అదే మొదటిసారంటే ఎవరైనా నవ్వుతారు. ఇప్పుడు ఆడపిల్లలు దర్జాగా వచ్చి చదువుకుంటున్నారు, తనకూ ఎవరూ అడ్డు చెప్పరు. కానీ తెచ్చేవాడు తెస్తుంటే రావాలన్న ఆలోచనే రాలేదు. బీరువాల మధ్య ఆమె మెల్లగా నడిచింది. పాత కాగితం వాసన వచ్చింది. తన ఇంట్లో గూటి వాసనే అది. తన యవ్వనమంతా ఇక్కడి నుంచి ఒక్కొక్క పుస్తకంగా ఇంటికొచ్చి మళ్ళీ ఇక్కడికే చేరుకుందని అనిపించి ఆమెకు కళ్ళు చెమర్చాయి.

కొత్త పుస్తకాల బల్ల మీద, నిగనిగలాడే అట్టతో, రైలు గేటు బొమ్మ ఉన్న పుస్తకం కనిపించింది.

అదే కథ. మళ్ళీ అచ్చు వేశారు. రామతులసమ్మ నిలబడే చివరి కాగితాలు తీసింది. ఆఫీసరు జీపు దిగాడు. పుట తిప్పింది. ఆఫీసరు ఆమెను మెచ్చుకుని వంద రూపాయలు బహుమానం ఇచ్చాడు, వేరే మనిషిని గేటుకు వేశాడు. ఆమె రెండు జెండాలూ మడిచి కొత్తవాడి చేతికిచ్చి, జబ్బు మొగుణ్ణీ మేకనూ వెంటబెట్టుకుని పట్టాల వెంట నడిచి వెళ్ళిపోయింది. అంతే కథ.

ఇన్నాళ్ళకు తెలిసింది. తెలిశాక ఆమెకు మొదట వచ్చిన ఆలోచన మాత్రం, నాదే బాగుంది అని. ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూసుకుంది.

ఆ తరువాత ఆమెకు సభ గుర్తొచ్చింది. పుస్తకం ఇక్కడే ఉంది, ఆ రోజు సభలో ఎవరో ఒకరు చదివినవాళ్ళు ఉంటారు. ఈయన పోయి ముగింపు తప్పు చెప్తాడు. ఇంటికి పోగానే చెప్పేయాలి అనుకుని గబగబా నడిచింది.

ఇంట్లో అనిల్ కుమార్ తండ్రికి కొత్త చొక్కా తొడిగించి ఫొటో తీస్తున్నాడు. తల్లిని చూసి నవ్వాడు. "నాయనలో ఇంతుందని నాకే తెలవదు మా. చూసి నేర్చుకో. నువ్వు గూడా అప్పుడప్పుడు చదువుతా ఉంటావు గదా."

అప్పుడప్పుడు! రామతులసమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన కాలరు గుండీ పెట్టుకోవడంలో మునిగిపోయాడు, కొడుకును దిద్దలేదు. ముగింపు సంగతి ఆమెకు చెప్పబుద్ధి కాలేదు. పోనీ, తెలుసుకోనీ, చదవడమంటే ఏమిటో నలుగురిలో తెలుసుకోనీ అనుకుంటూ వంటింట్లోకి పోయి గిన్నెలు చప్పుడు చేసింది.

*

ఆఖరి రోజు సాయంత్రం లైబ్రరీ ఆవరణలో షామియానా వేశారు. ముందు వరసల్లో పిల్లలు, వెనక కుర్చీల్లో పెద్దలు. ముఖ్య అతిథి మార్కాపురం నుంచి వచ్చిన రిటైర్డు లెక్చరరు. నాగజ్యోతి పట్టుచీర కట్టుకుని అటూ ఇటూ పరుగులు తీస్తోంది. బొమ్మల బహుమతులూ ముగ్గుల బహుమతులూ అయ్యాయి. కోటేశ్వర్లు శెట్టిని వేదిక మీదికి పిలిచారు.

రామతులసమ్మ ఆడవాళ్ళ వరసలో కూర్చుంది. వారమంతా మనసులో అనుకున్న తమాషా తీరా కళ్ళముందుకొచ్చేసరికి ఆమె కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయింది. చెప్పి ఉండవలసింది. ఇప్పటికైనా ఏదో వంకతో పిలిచి దింపేస్తే బాగుండుననిపించింది.

ఆయన మాత్రం బాగా చెప్పాడు. మొదట్లో మైకుకు మరీ దగ్గరగా నిలబడి కీచుమనిపించాడు గానీ, మేక పట్టాల మీదికి పోయేసరికి పిల్లలంతా నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. వానలో ఎర్రజెండా దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు. "ఆర్డరొచ్చె. గేటు ఆమె పేరు మీదనే రాసినారు," అని ముగించి ఆయన చేతులు జోడించాడు.

చప్పట్లు ఆగకముందే లెక్చరరుగారు నవ్వుతూ లేచి మైకు అందుకున్నారు. రెండో చేతిలో నిగనిగలాడే అట్ట పుస్తకం.

"శెట్టిగారు కథ రసవత్తరంగా చెప్పారు. కానీ పుస్తకం చివరి దాకా చదివినట్టు లేరు. ఈ నవల నేను క్లాసులో పాఠం చెప్పాను. ఆమెకు ఉద్యోగం రాదు. జెండాలు ఇచ్చేసి వెళ్ళిపోతుంది. ఉత్తమ పాఠకుడంటే చివరి పేజీ కూడా చదవాలి కదండీ!"

ఆవరణంతా ఘొల్లుమంది. వెనక నుంచి ఎవరో, "శెట్టి తూకంలో కోత పెట్టినాడే!" అన్నారు. ఇంకా నవ్వారు. నాగజ్యోతి మొహం పాలిపోయింది. పుస్తకం తిరగేసి చూస్తోంది పాపం, ఏదైనా దారి దొరుకుతుందేమోనని.

కోటేశ్వర్లు చేతులు జోడించినవి జోడించినట్టే ఉన్నాయి. ఆయన కళ్ళు ఆడవాళ్ళ వరసలు వెతికి రామతులసమ్మ దగ్గర ఆగాయి. ఆ చూపులో నువ్విట్ల చేసినావే అన్న నిష్ఠూరం ఏమాత్రం లేదు. తరవాత ఏమిటో నీకే తెలుసు అన్నట్టు నమ్మకంగా చూస్తున్నాడు, అంతే.

రామతులసమ్మ లేచి నిలబడింది. లేచానన్న సంగతి పక్కావిడ చీర కుచ్చెళ్ళు సర్దుకుని దారివ్వడం చూశాకే ఆమెకు తెలిసింది.

"ఆయన తప్పేం లేదు," అంది. మైకు లేకపోయినా అందరికీ వినపడింది. "ఆ కథ ఆయనకు చెప్పింది నేను. అప్పుడు ఈ లైబ్రరీలో ఉన్న పుస్తకానికి చివరి కాగితాలు లేవు, ఊడిపోయినాయి. ఆమె ఏమైందో నాకూ తెలవదు. ఈయనేమో తరవాత, తరవాత అంటాడు. అందుకని నేనే కల్పించి చెప్పినా. ఆ ముగింపు నాది."

నవ్వులు ఆగిపోయాయి. లెక్చరరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"అయితే అమ్మా," అంది నాగజ్యోతి మెల్లగా, "ఆ కార్డు మీద పోయిన పుస్తకాలన్నీ…"

ఈసారి మైకు పట్టుకున్నది కోటేశ్వర్లు. "అన్నీ ఆమే చదివింది. నేను మోసినా. కార్డు మీద పేరు ఒకటే నాది," అన్నాడు, ఎవరో తగాదాకు వచ్చినట్టు గట్టిగా. తరువాత గొంతు తగ్గించాడు. "మొన్న నువ్వు ఇంటికొచ్చినప్పుడే చెప్పాల్సింది తల్లీ. ఆశ పడితిని."

మళ్ళీ నవ్వారు జనం, ఈ నవ్వు వేరు. చీపురు పక్కన పెట్టి వింటున్న దాసమ్మ, "మా పెద్దమ్మ చెప్పిందే బాగుండాది. అంత చేసినామె ఎందుకు పోవాల?" అని అందరికీ వినపడేట్టే అంది.

నాగజ్యోతి వచ్చి రామతులసమ్మను చెయ్యి పట్టుకుని వేదిక మీదికి తీసుకుపోయింది. ఉత్తమ పాఠకురాలు శ్రీమతి రామతులసమ్మ గారు అని మైకులో చదివి శాలువా కప్పింది. అప్పటికే ఒక పక్క పులిహోర పంచడం మొదలై సగంమంది లేచి అటు పోతున్నారు. పిల్లల గోలలో ఆ పేరు అందరికీ వినపడిందో లేదో. వినవలసిన మనిషికి మాత్రం ప్రతి అక్షరమూ వినపడింది. చేతికిచ్చిన జ్ఞాపిక మీద బంగారు రంగులో కోటేశ్వర్లు పేరే ఉంది. మార్పించి ఇస్తానమ్మా అని ఆ పిల్ల చెవిలో చెప్పింది.

*

ఇంటికి నడిచే పోయారు. సందె చీకటి పడుతోంది, బజారులో లైట్లు వెలిగాయి. ఎప్పటిలాగే ఆయన ముందు, ఆమె నాలుగడుగులు వెనక. ఆయన వీపు చూస్తూ నడుస్తుంటే రామతులసమ్మకు భయం పట్టుకుంది. కోరుకున్నది దొరికింది. ఆయన నలుగురిలో నవ్వులపాలయ్యాడు. తెలిసి తెలిసి తను ఊరుకోబట్టే కదా.

మందుల దుకాణం దాటాక ఆయన నడక తగ్గించాడు. ఆమె పక్కకు వచ్చేదాకా ఆగాడు.

"ఆ పడవ కథకు?" అన్నాడు.

"ఏంది?"

"చివరి కాగితాలు ఉండినాయా?"

"దానికి ఉండినాయి."

"అక్కాచెల్లెళ్ళ కథకు?"

"దానికి లేవు."

"అంటే చిన్నది ఇంటికి రాలేదా?"

"నాకేం తెలుసు? కాగితాలే లేవంటిని గదా."

ఆయన నాలుక చప్పరించాడు. చిన్నది ఇంటికి వచ్చిందని ఇన్నేళ్ళు నిశ్చింతగా ఉన్న మనిషి. ఇంకో రెండు మూడు కథలు అడిగాడు. ఒకదానికి ఉన్నాయంది, ఒకదానికి లేవంది. కోపం కాదని ఆమెకు అర్థమై ప్రాణం కుదుటపడింది. నవ్వు కూడా వచ్చింది.

"గానుగ శెట్టి కథకు?" అన్నాడు.

రామతులసమ్మ తల దించుకుని నడిచింది.

"వానకు మన గోదాము గోడ కూలి మిరపకాయలన్నీ మురిగిపోయిన యేడు చెప్పినావు. నేను గోడ పక్కకు తిరిగి పండుకోని లేస్తా ఉండలేదు. నువ్వొక్కదానివే కూచోని పొట్లాలు చేస్తా చెప్తాంటివి. దుకాణమే లేకపాయె, పొట్లాలెందుకా అనుకుంటి. ఆ గానుగ శెట్టికి గూడా అంతా పోయింటాది గదా. ఆయన తెల్లారి లేచి, మొగం కడుక్కోని, దుకాణం తలుపు తీసి వాకిలి ఊడ్చుకున్నాడని చెప్పినావు."

"చెప్పినా."

"పొద్దున్నే నేను గూడా లేచి పోతిని. ఆ యప్ప లేచినాడు, నాకేమొచ్చెనని." ఆయన ఆగాడు. "దానికి ఉండినాయా, లేవా?"

రామతులసమ్మ శాలువా భుజం మీదికి లాక్కుంది. "ఉండినాయి."

"పుస్తకంలో గూడా లేచినాడు గదా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "లేదు," అంది. "పుస్తకంలో లేవలేదు."

కోటేశ్వర్లు రోడ్డు మధ్యలోనే నిలబడిపోయాడు. వెనక నుంచి ఆటో వచ్చి హారను కొట్టింది. ఆయన కదలకపోతే రామతులసమ్మ చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. ఆటో వెళ్ళిపోయింది. బియ్యం కొట్టాయన అరుగు మీది నుంచి చూస్తున్నాడు, బట్టల దుకాణమాయన కూడా తల బయటికి పెట్టి చూశాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. ఆయన వదల్లేదు. ఇల్లు వచ్చేదాకా అలాగే పట్టుకుని నడిచాడు.